ఒర చెప్పు చరిత్ర

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత. కత్తిని గూర్చి మనకు కథలు కలవు, పాటలు కలవు. ఒరను గూర్చి చెప్పినవారు అరుదు. ఆయుధముల చరిత్ర వ్రాయువారును ఇనుము ఎట్టిది, పదును ఎట్టిది, గొట్టము పొడవెంత, గుండు బరువెంత అని విచారింతురు. ఆ ఆయుధమును మనిషి తన దేహముపై ఎట్లు ధరించెను, ఎచట దాచెను, ఎవరికి కనబరచెను అని విచారించుట తక్కువ. మా అభిప్రాయమున ఈ రెండవ ప్రశ్న మొదటిదానికంటె చిన్నది కాదు. ఆయుధము యుద్ధములో ఏమి చేయగలదో గొట్టము చెప్పును. శాంతికాలములో మనిషి తన పొరుగువానితో ఎట్లు మెలగెనో ఒర చెప్పును.

సికిందరాబాదు కంటోన్మెంటుకు ఉత్తరముగ, బొల్లారమునకు కొలది మైళ్ళలో, యాప్రాల్ అను ఊరు కలదు. ఇప్పుడది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిది. దాని చెంతనే సైన్యపు భూములు; సైన్యములో పని చేసి విశ్రాంతి తీసికొన్న కుటుంబములు ఆ ప్రాంతమున అనేకము. అట్టిచోట లైసెన్సు పొందిన చిన్న పిస్తోలు ఒక ఇంటనుండుటయు, దానికి ఎట్టి పిడి అమర్చవలెను, నిత్యము వెంట నుంచుకొనుటకు ఎట్టి తోలు ఒర కొనవలెను అని చర్చ జరుగుటయు వింత కాదు. వినుటకు ఇది అంగడి మాటగ తోచును. కాని ఆ నేలపై ఈ ప్రశ్నకు రెండు వందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు. దానిని శ్రోతల ముందుంచుట మా యుద్దేశము.

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున హైదరాబాదు నగరములో మర్యాదగల మనిషి ఆయుధము లేక వీధిలోనికి వచ్చుట అరుదు. నగరమును చూడవచ్చిన విదేశీయులకు మొట్టమొదట కంటబడినది ఇదియే. నడుమునకు దట్టీ చుట్టి, దానిలో కటారియో, పేష్‌కబ్జు అను బాకునో దోపుకొనెడివారు. కటారికి పిడి నిలువుగ నుండదు. నిచ్చెన మెట్లవలె అడ్డముగ నుండును. పిడికిట బట్టి సూటిగ పొడుచుటకే దాని నిర్మాణము. విజయనగర కాలము నుండియు దక్షిణాపథమున అది ప్రసిద్ధమైన ఆయుధము.

ఈ ఆయుధముల ఒరలు చేయుట ఒక ప్రత్యేక వృత్తి. రెండు పలుచని చెక్కలను లోపల అలుగు ఆకారమునకు తొలిచి, ఒకదానితో నొకటి అతికించి, పైన తోలుగాని ముఖమలుగాని తొడిగెడివారు. నోటివద్ద లోహపు పట్టీ, కొనవద్ద లోహపు తొడుగు. మొదటిదానికి ముహనాల్ అనియు, రెండవదానికి తహనాల్ అనియు పేర్లు. నోటి పట్టీ అలుగు చెక్కను చీల్చకుండ కాపాడును. కొన తొడుగు అలుగు ఒరను పొడుచుకొని వచ్చి మనిషి తొడను గాయపరచకుండ కాపాడును. చెక్క తేమను పీల్చి ఇనుమును తుప్పునుండి రక్షించును. కావున ఒర ఆయుధమునకు అలంకారము మాత్రమే కాదు. శత్రువునకు ముందు యజమానునే గాయపరచగల వస్తువును అది అదుపులో నుంచెడిది.

నగరములో అరబ్బుల వేషము వేరు. దక్షిణ అరేబియాలోని హదరమౌత్ సీమనుండి వచ్చి నిజాము కొలువులో సైనికులుగ చేరినవారు వీరు. బార్కస్ పేట పేరు వారి బ్యారకుల మూలముననే వచ్చినది. వారి ఆయుధము జంబియా. అది వంకర అలుగు గల బాకు. దానిని పక్కకు కాక, వెడల్పైన నడికట్టు నడుమ, పొట్టమీదనే నిలువుగ ధరింతురు. ఎదుటివాడు మొగము తరువాత చూచునది దానినే. అది కనబడవలెనని ధరించినది. వంశము, హోదా, మాటకు నిలబడు తెగువ, ఇవన్నియు ఆ పిడియు ఆ ఒరయు చెప్పెడివి. అకారణముగ దానిని ఒరనుండి దూయుట వారి ఆచారములో పెద్ద తప్పు. అనగా ఆయుధము అందరికి కనబడును గాని, ఒరలోనే ఉండవలెను. ఈ అరబ్బు జమాదారుల బలము సామాన్యమైనది కాదు. వారిలో ఖుఐతీ వంశమువారు హైదరాబాదు కొలువున సంపాదించిన ధనముతో, పలుకుబడితో తమ స్వదేశమున రాజ్యము స్థాపించి, ముకల్లా సుల్తానులై 1967 వరకు ఏలిరి.

ఇట్లు ప్రతివాని మొలనుండు ఆయుధము ఒక సంగతిని స్పష్టముగ చెప్పుచున్నది. ఆనాడు నగరములో మనిషిని కాపాడునట్టి పోలీసు లేదు; ఉన్నను నమ్మకము లేదు. ఎవని రక్షణ వాడే చూచుకొనవలెను, లేదా ఆయుధధారులను పోషించు ప్రభువు నీడన చేరవలెను. కావున కటారిని కేవలము శౌర్యచిహ్నముగ పొగడుట చాలదు. అది భయమునకును చిహ్నమే.

ఇక సామెతలోని రెండవ కత్తి సంగతి. 1798లో నిజాము అలీఖాను ఆంగ్లేయులతో సైన్యసహకార సంధి చేసికొనెను. ఆ సంవత్సరముననే ఫ్రెంచి సేనాని రేమండు మరణించుటయు, అతడు తీర్చిదిద్దిన దళము నిరాయుధమై చెదరిపోవుటయు జరిగినది. అతని ఫిరంగుల కర్మాగారము పేరు నేటికిని నగరములో గన్ ఫౌండ్రీ అను వాడుకలో నిలిచి యున్నది. 1806లో సికందర్ జా పేర సికిందరాబాదు వెలసెను. పిదప నిజాము ధనముతో, ఆంగ్లేయాధికారుల క్రింద, వేరొక సైన్యము పెరిగి హైదరాబాదు కంటింజెంటు అను పేర ప్రసిద్ధమయ్యెను. దాని ముఖ్యస్థానము బొల్లారము. దాని ఖర్చు నిజామునకు తీరని అప్పై, 1853లో బేరారును ఆంగ్లేయుల వశము చేయువరకు వచ్చినది. నగరములో ఒక అధికారము, ఉత్తరపు గుట్టలలో వేరొక అధికారము. సామెత చెప్పినట్లు, ఒర ఒకటి, కత్తులు రెండు.

కంటింజెంటు అశ్వదళములలో సిల్లేదారీ పద్ధతి ఉండెను. రౌతు తన గుఱ్ఱమును, తన సామగ్రిని తానే తెచ్చుకొనెడివాడు. ఆ కాలపు గుఱ్ఱపు పిస్తోళ్ళు పొడవైనవి, బరువైనవి. ఒక్కొక్కటి ఒక్క గుండు మాత్రమే పేల్చును. అందుచేత వానిని జతగ, జీను ముందు భాగమున ఇరువైపుల కట్టిన తోలు గొట్టములలో నుంచెడివారు. ఇప్పుడు హోల్‌స్టర్ అని మనము వ్యవహరించు వస్తువు మొదట ఇదియే. అది మనిషికి కట్టినది కాదు, గుఱ్ఱమునకు కట్టినది. రౌతు దిగిన, అతని పిస్తోళ్ళు గుఱ్ఱముతోనే నిలిచిపోవును. చేతికి మిగులునది నడుమునున్న కత్తి మాత్రమే.

1855 సెప్టెంబరులో మొహరము దినములలో బొల్లారమున జరిగిన సంఘటనలో చేతికి వచ్చినది ఆ కత్తియే. అచటి సేనాధిపతి బ్రిగేడియర్ కాలిన్ మెకంజీ ఊరేగింపుల విషయమున కట్టుదిట్టములు చేసెను. 3వ అశ్వదళమువారి ఊరేగింపు తన యింటి వైపు రాగా, తానే వెలుపలికి పోయి అడ్డగించి, వారి జెండా లాగికొనెను. సైనికులు ఆగ్రహించి అతనిని కత్తులతో తీవ్రముగ గాయపరచిరి. అతడు బ్రదికెను గాని, ఆ తొందరపాటు అతనిదే యని పైవారును ఆక్షేపించిరి. ఆ రౌతులు శత్రువులు కారు. అతని ఆజ్ఞలో నడచువారే. పండుగనాడు, మతావేశము గల వేళ, మాటతో తీరవలసిన తగవు నడుమునకు కట్టిన ఆయుధము దగ్గరనుండుటచేత నెత్తురుతో తీరినది. యాప్రాల్ పరిసరములలో ఆయుధధారణను గూర్చి ఆలోచించువారు మరువదగని పాఠమిది.

తరువాత నాలుగేండ్లకు నగరములో మరియొకటి జరిగినది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున రెసిడెన్సీపై దాడి జరిగి విఫలమయ్యెను. ఆ వేడి చల్లారలేదు. 1859 మార్చి 15న క్రొత్త నిజాము అఫ్జలుద్దౌలా దర్బారునుండి దివాను సాలార్‌జంగును, రెసిడెంటు కర్నల్ డేవిడ్‌సనును కలిసి వెలుపలికి వచ్చుచుండగా, జహంగీరు ఖాను అనువాడు తుపాకి పేల్చెను. గుండు తప్పి పరివారములోని యొకనికి తగిలెను. వాడు వెంటనే కత్తి దూసి పైబడగా అంగరక్షకులు వానిని నరికివేసిరి. ఆయుధముతో రాచనగరి ప్రాంగణమునకు వచ్చుట అసాధారణము కాని కాలమది. అందుచేతనే అతనిని ముందుగ ఎవ్వరును శంకింపలేదు.

1853లో, ఇరువదినాలుగేండ్ల వయసున, దివాను పదవికి వచ్చిన సాలార్‌జంగు 1883లో మరణించువరకు చేసిన పనులలో రెవిన్యూ సంస్కరణలను చరిత్రకారులు విశేషముగ చెప్పుదురు. అరబ్బు, రోహిల్లా దళముల బలమును తగ్గించి, న్యాయస్థానములను, పోలీసును నెలకొల్పుట అంతకు తక్కువ పని కాదు. మనిషి మొలనుండి కటారిని తీయించవలెనన్న, ఆజ్ఞ ఒక్కటి చాలదు. కటారి లేకున్నను ఇంటికి క్షేమముగ చేరుదునను నమ్మకము ముందుగ కలిగింపవలెను. ఆ నమ్మకమునకు పునాది వేసినవాడు ఆయన.

ఈలోగ ప్రపంచమున ఆయుధమే మారిపోయెను. 1836లో అమెరికాలో శామ్యూల్ కోల్టు తిరుగు గదుల పిస్తోలునకు, అనగా రివాల్వరునకు, హక్కుపత్రము పొందెను. ఒకే ఆయుధము ఐదారు గుండ్లు పేల్చగలిగిన తరువాత జీనుకు జత పిస్తోళ్ళు కట్టుట అనవసరమయ్యెను. ఒర గుఱ్ఱమునుండి దిగి మనిషి నడుమునకు వచ్చినది. ఇందులో మన దేశమునకును భాగము కలదు. 1858 ఆగస్టు 31న పిలిభీతు సమీపమున జరిగిన పోరులో శామ్యూల్ బ్రౌన్ అను ఆంగ్లసేనాని ఎడమ చేయి పోగొట్టుకొనెను. ఒక చేత ఒరను బట్టుకొని రెండవ చేత కత్తి దూయుట అతనికి సాధ్యము కాలేదు. అందుచేత నడుమునకు వెడల్పైన పట్టీ, దాని బరువు మోయుటకు భుజము మీదుగ మరియొక పట్టీ, కత్తికిని పిస్తోలునకును కదలని స్థానములు ఏర్పరచి యొక సాధనము కల్పించెను. అదియే శామ్ బ్రౌన్ బెల్టు. ఒంటిచేతివాని అవసరముకొరకు పుట్టిన ఆ తోలు కట్టు లోకమందలి సేనలకును, పోలీసులకును ఉడుపు అయ్యెను.

ఆ కాలపు తోలు ఒరకు పైన పెద్ద మూత, దానికి గుండీ. వాన, దుమ్ము లోపలికి పోకుండుట ఒక ప్రయోజనము. పిస్తోలు జారిపోకుండుట రెండవది. కోపములో చేయి వేసినను గుండీ తీయుటకు ఒక క్షణము పట్టుట మూడవది. పిస్తోలు పిడికి కట్టిన త్రాడు భుజమునకు తగిలింతురు. చేయి జారినను ఆయుధము పరులపాలు కాదు.

ఆంగ్లేయులు తమ ఏలుబడిలోని ప్రాంతములకు 1878లో ఆయుధముల చట్టము చేసిరి. భారతీయునకు లైసెన్సు కావలెను, ఐరోపావారికి మినహాయింపు. ఈ భేదము ప్రజలను నొప్పించెను. 1887లో చెన్నపట్టణమున జరిగిన కాంగ్రెసు మహాసభ దీనిపై తీర్మానము చేసినది. 1931 కరాచీ తీర్మానములో, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు ప్రజల హక్కులలో నొకటిగ చేర్చబడెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రాజ్యాంగసభలో ఆ హక్కును చేర్చవలెనని హెచ్.వి. కామతు కోరెను, సభ అంగీకరింపలేదు. 19వ అధికరణము సమావేశమగు హక్కునే ఇచ్చినది, అదియు శాంతియుతముగ, ఆయుధములు లేకుండ.

హైదరాబాదు సంస్థానమున ఈ విషయము కఠినముగ పరిణమించెను. నగరపు దర్బారులో బాకు కనుమరుగై, కొలువుకు వచ్చువారు షేర్వాణీపై బగ్లూసు అను నడికట్టు మాత్రము ధరించు మర్యాద ఏర్పడెను. కట్టు మిగిలెను, కత్తి పోయెను. కాని తెలంగాణపు పల్లెలలో దేశముఖుల గడీలవద్ద తుపాకులు పోలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ఆ తుపాకి గుండుకే నేలకొరిగెను. ఎదిరించిన రైతుల చేతిలో తొలుత వడిసెలలు, కఱ్ఱలు, ఆ తరువాత బర్మారు తుపాకులు. ఒకనివద్ద ఆయుధముండి, మరియొకనివద్ద లేకుండి, ఇరువురికి సమానమైన న్యాయస్థానము లేనప్పుడు ఏమగునో ఆ యేండ్లు చూపినవి. 1948 సెప్టెంబరులో సంస్థానము దేశమున విలీనమయ్యెను. బొల్లారములోని రెసిడెంటు విడిది రాష్ట్రపతి నిలయమైనది. రెండు కత్తుల కాలము ముగిసినది.

ఇప్పుడు యాప్రాల్‌లోని చిన్న పిస్తోలు సంగతికి వత్తము. జేబులో ఇమడు పిస్తోలు కూడ నేటి వింత కాదు. అమెరికావాడైన జాన్ బ్రౌనింగు కల్పించగా బెల్జియము కర్మాగారము 1900లో వెలువరించిన 7.65 మిల్లీమీటర్ల పిస్తోలు ఈ జాతికి మూలపురుషుడని చెప్పవచ్చును. దానినే పాయింటు 32 అని వ్యవహరింతురు. మన దేశమున కాన్పూరు ఫ్యాక్టరీలలో పాయింటు 32 రివాల్వర్లు తయారగుచున్నవి. 2014లో స్త్రీల నుద్దేశించి నిర్భీక్ అను పేర అర కిలో బరువుగల రివాల్వరు వెలువడినది. దాని వెల లక్ష రూపాయలకు పైమాట. రక్షణ అత్యవసరమైన పేదరాలికి అది అందునా అను ప్రశ్న అప్పుడే పుట్టినది.

ఒకప్పుడు మన ఇండ్లలో రేడియోకును లైసెన్సు పుస్తక ముండెడిది. 1980 దశకమున ఆ కట్టుబాటు పోయినది. పిస్తోలు లైసెన్సు అట్లు పోవునది కాదు, పోవలసినదియు కాదు. 1878 నాటి చట్టమును తొలగించి 1959లో చేసిన చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చెను. జాతిభేదము పోయినది, అనుమతి మాత్రము అందరికి అవసరము. సైన్యము, పోలీసు వాడు 9 మిల్లీమీటర్ల ఆయుధము సామాన్యునకు నిషిద్ధము. 2019 సవరణము ఒక్కొక్కరికి రెండు తుపాకులకు మించరాదన్నది. పెండ్లి ఊరేగింపులలో సంతోషముతో గాలిలోనికి కాల్చువారికి రెండేండ్లవరకు ఖైదుగాని, లక్ష రూపాయలవరకు జుల్మానాగాని, రెండునుగాని విధించినది. ఎన్నికలు వచ్చినప్పుడు, అవసరమని తలచినచోట, ఆయుధమును ఠాణాలో అప్పగింపవలసి యుండును.

పిస్తోలును తన చేతికి తగినట్లు దిద్దుకొనవలెనను కోరిక సహజమే. కటారి పిడికి దంతము పొదిగించిన కాలమునుండియు అది కలదు. కాని బొమ్మలేని వట్టి పిడిని మార్చుట వేరు, లోని యంత్రమును ముట్టుట వేరు. తుపాకిని మరమ్మతు చేయుటకు, పరీక్షించుటకు, రూపు మార్చుటకు వేరుగ లైసెన్సు కావలెనని చట్టములోని 5వ సెక్షను చెప్పుచున్నది. గొట్టము పొట్టి చేయుటను 6వ సెక్షను అరికట్టుచున్నది. మీట తేలిక చేయించుట పైకి సౌకర్యముగ కనబడును. జేబులోని తాళపుచెవి తగిలినను పేలునంత తేలికయైన మీట ఇంటిల్లిపాదికి అపాయము. మార్పు ఏదైనను లైసెన్సుగల ఆయుధకారుని చేతనే, చట్టపు హద్దులోనే జరుగవలెను.

ఇక ఒర. 2016 నియమములు చేతి పిస్తోలును బహిరంగస్థలమున ఒరలో నుంచియే తీసికొనిపోవలెనని విధించినవి. దానిని ఝళిపించుటను నిషేధించినవి. మంచి ఒర గుణములను పాత కమ్మరి, పాత తోలుపనివాడు చెప్పినవే మరల చెప్పవచ్చును. మీట పూర్తిగ మూసికొని యుండవలెను; పైనుండి ఏదియు దానిని నొక్కరాదు. పరుగెత్తినను, వంగినను ఆయుధము జారరాదు. నోరు మెత్తబడి ముడుచుకొనిపోరాదు. ముడిచిన తోలు అంచే పిస్తోలు పెట్టునప్పుడు మీటను నొక్కగలదు. ఏ ఆయుధమునకు చేసిన ఒర ఆ ఆయుధమునకే. నడుమునకు కట్టు పట్టీ బలమైనదై యుండవలెను, లేకున్న ఒర వ్రేలాడును. ఇంటికి వచ్చిన తరువాత ఒర తాళము కాదు. తుపాకి ఒకచోట, తూటాలు వేరొకచోట, రెండింటికి తాళము వేసి, బాలుర చేతికి అందకుండ నుంచుటయే అసలైన ఒర.

కటారి కాలమున ఆయుధము కనబడుట మర్యాద. నేడు కనబడకుండుట మర్యాద. ఈ మార్పును పిరికితన మనువారు కలరు. మే మట్లు తలపము. కనబడు ఆయుధము పొరుగువానితో, నాకు నీపై నమ్మకము లేదని చెప్పును. అతడును మరియొకటి కట్టుకొని వచ్చును. బొల్లారపు వీధిలో 1855లో జరిగినది అదియే. కప్పిన ఆయుధము, అధికారికి లెక్క చెప్పిన ఆయుధము, చట్టము తొలి రక్ష, తాను తుదిరక్ష యని ఒప్పుకొనును.

హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమునకు పోయినవారు నూర్జహానుదని చెప్పబడు రత్నఖచితమైన కత్తిని చూచి ఆశ్చర్యపడుదురు. ఈసారి పోయినప్పుడు బాకులతోబాటు వాని ఒరలను కూడ నిలిచి చూడవలెనని కోరుచున్నాము. అలుగులలో చాల భాగము ఏ దేహమును తాకియుండవు. ఒరలు మాత్రము ప్రతిదినము అరిగినవి. శాంతి అను పనిని ఎక్కువగ చేసినవి అవియే.